బెర్గుర్ పట్టుకున్న అదురు

మా ఊళ్లో చలికాలం బండి అదిరితే ఎవడైనా ఒకటే మాట అంటాడు: "చక్రాల్లో మంచు పట్టిందిలే." అబద్ధమేమీ కాదు. మెత్తటి మంచులో తిరిగొచ్చిన జీపుకు రిమ్ముల లోపల మంచు గడ్డకట్టి, తారు రోడ్డెక్కగానే ఒళ్లంతా కుదిపేస్తుంది. కానీ ఆ మాట బెర్గుర్ దగ్గర అనకూడదు. "బద్ధకస్తుల మాట అది. దిగి దులుపుకోడానికి చలి మీకు" అని కడిగేసేవాడు.

బెర్గుర్ మా అమ్మకు తమ్ముడు. పగలు చేపల ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునేవాడు, మిగతా పొద్దంతా సహాయదళం షెడ్డులో గడిపేవాడు. పెళ్లి చేసుకోలేదు. తుఫానులో కొండ మీద ఎవరు చిక్కుకున్నా మా దళమే వెళ్లాలి, దళం జీపు తోలేది ఆయనే. ఆ సీటు తప్ప ఆయనకు ఈ లోకంలో మరో ఆశ ఉన్నట్టు నేనెరుగను.

చలి మొదలవక ముందు పెద్ద టైర్ల కోసం ఆ జీపును జానెడు ఎత్తు లేపాం. వెంటనే అదురు మొదలైంది. నన్ను తోలమని, తాను కుడిపక్క సీట్లో కళ్లు మూసుకుని, మా ఇద్దరి మధ్య గేర్లను కప్పి ఉబ్బెత్తుగా ఉండే దిమ్మ మీద ఎడమ అరచెయ్యి ఆనించాడు.

"న్యూట్రల్ చెయ్. ఆగిందా?"

"లేదు."

"అయితే ఇంజను తప్పు కాదు. ఒక్కోదాన్నే తీసేసుకుంటూ పోవాలి స్వాలా. ఆఖర్న మిగిలినవాడే దొంగ."

ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చినా అదురు ఉన్నచోటే ఉంది. చివరికి దొంగ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ అని తేలింది, అంటే గేర్ల నుంచి వెనక చక్రాలను తిప్పే పొడుగాటి కడ్డీ. బండిని లేపేసరికి షాఫ్ట్ వాలు పెరిగి, దాని రెండు చివరల జాయింట్లకూ పొత్తు కుదరలేదు. ఒకవైపు పలచగా ఉండే ఇనప ముక్కలు పెట్టి, ఇరుసు మూతిని కాస్త తిప్పి సరిచేశాడు. ఆ తర్వాత బండి వెన్నలా నడిచింది.

జనవరిలో అదురు మళ్లీ వచ్చిందన్నాడు. నాకు తెలియలేదు. మా దళానికి పెద్ద గ్రీముర్. ఉత్తరాలు పంచే మనిషి, నోరు ఊరుకోదు. ఊరి వేడినీళ్ల కొలనులో మెడదాకా మునిగి కూర్చుని, "చక్రాల్లో మంచు పట్టిందిలే బెర్గుర్. లేదంటే నీ ముసలి కీళ్లేమో, వాటిక్కూడా కాస్త గ్రీజు పెట్టించు" అన్నాడు. అందరూ నవ్వారు. బెర్గుర్ లేచి వెళ్లిపోయాడు, తువ్వాలు కూడా మరిచిపోయి.

వేడినీళ్లతో రిమ్ములు కడిగాడు. చక్రాలు మార్చాడు. కొత్త జాయింట్లు వేశాడు. ముందు చక్రాల షాఫ్టునే ఊడదీసి నాచేత తోలించాడు. "ఉంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీ ఒక్కడికే ఎక్కణ్నుంచి వస్తోందీ అదురు అని అడగబోయాను. అంతలో ఆయన అందుకున్న కాఫీ కప్పు తొణికి బల్లంతా ఒలికింది. గబుక్కున ఆ చెయ్యి జేబులో దాచుకున్నాడు. మా తాత, అంటే ఆయన తండ్రి, చివర్లో చెంచా పట్టలేక మా అమ్మ తినిపిస్తే తినేవాడు.

మర్నాడు రేవు రోడ్డు మీద నేనే తోలాను. ఆయన కళ్లు మూసుకుని చెయ్యి ఆనించాడు.

"ఉంది. ఇదిగో, ఉంది."

న్యూట్రల్ చేశాను.

"ఉంది."

పక్కకు తీసి బండి ఆపాను. ఇంజను కట్టేశాను. "ఇప్పుడు?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆయన కళ్లు తెరవలేదు. దిమ్మ మీద అరచెయ్యి అలాగే ఉంది, వేళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. రెండో చేత్తో దాన్ని అదిమిపట్టాడు.

"నాన్నకీ ముందు వణికింది ఎడమచెయ్యే" అన్నాడు.

"డాక్టరుకి చూపిద్దాం."

"చూపిద్దాంలే. ముందు ఆ షాఫ్టు బిగించాలి. నువ్వు బిగించు, నేను చెప్తా."

షెడ్డుకు తిరిగొచ్చి, జీపు కింద దూరి బోల్టులు బిగించాను. ఆయన పీట మీద కూర్చుని "ఇంకొంచెం... చాలు" అంటూ ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కింద ఉన్నాను కాబట్టి ఆయన చూడలేదు. నేను బయటికి వచ్చేసరికి, ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండే జీపు తాళం గోడ మేకుకు వేలాడుతోంది.

ఆ శుక్రవారమే పిలుపొచ్చింది. కొండ మీద ఇద్దరు దారి తప్పారు. మేకు మీది తాళం నేను తీసుకున్నాను. బెర్గుర్ షెడ్డులో రేడియో ముందు కూర్చున్నాడు. ఇద్దరూ ప్రాణాలతో దొరికారు. వాళ్లను దుప్పట్లలో చుట్టి వెనక పడుకోబెట్టి, కొండ దిగివచ్చి, ఆయన నేర్పినట్టే నాలుగు రిమ్ములూ శుభ్రంగా దులిపాను. ఆ తర్వాతే తారు రోడ్డెక్కాం. పక్కన గ్రీముర్ మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాడు.

రేడియో పలికింది. "స్వాలా, రిమ్ములు దులిపావా?"

"దులిపాను."

"బండి అదురుతోందా?"

గ్రీముర్ నా వైపు చూశాడు. బండి వెన్నలా పోతోంది. లేదు అంటే చాలు, అది నిజం. ఆ నిజం నా నోట ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు.

"కొంచెం ఉంది బెర్గుర్" అన్నాను.

రేడియో గరగరమంది.

"చక్రాల్లో మంచు పట్టిందిలే" అన్నాడు బెర్గుర్.