బెర్తలాన్ మెచ్చుకోలు

మాకో అనే ఊళ్లో, సంతవీధి మలుపులో మాంసం కొట్టు నాది. నాన్న తర్వాత నేనే కత్తి పట్టాను. కాబట్టి మాంసం లేని వంటను నేను నెత్తిన పెట్టుకుంటానని ఎవరూ అనుకోనక్కర్లేదు. పుట్టగొడుగుల కూర మీద పొద్దుతిరుగుడు గింజలు రుబ్బి పోసి, దాన్ని మీగడ అని పిలిచేవాళ్ల మీద నాకు జాలి కూడా లేదు. అయినా ఈ ఊళ్లో నాకు అంతకంటే అలుసైన మనిషి ఒకడున్నాడు. పేరు బెర్తలాన్. రిటైరైన బస్సు డ్రైవరు.

అతని భార్య ఎటెల్కా నాతో కలిసి బడికి వచ్చిన మనిషి. ఒక చలికాలం వాళ్ల పెరట్లో పందిని కోస్తుంటే, నెత్తురు పట్టాల్సిన గిన్నెను కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి మాంసం, పాలు, గుడ్డు ఏదీ ఆమె వంటింటి గడప తొక్కలేదు. వాళ్లమ్మ చేతి వంటలు మాత్రం వదులుకోనంది. పులియబెట్టిన క్యాబేజీ ఆకుల్లో పంది మాంసం బదులు పప్పులు, పుట్టగొడుగులు కూరి ఉడికించడం మొదలుపెట్టింది. పెట్టినప్పుడల్లా మొగుడి మొహంలోకి చూసి అడిగేది, ఎలా ఉందని.

"అద్భుతం, ఎటెల్కా! మీ అమ్మ చేసినా ఇలా కుదిరేది కాదు" అనేవాడు.

మూతి తుడుచుకుని, కాస్త నడిచొస్తానని చెప్పి, తిన్నగా నా కొట్టుకు వచ్చేవాడు. గల్లా పక్కన నిలబడి, కాగితం మీద పంది నెత్తురు కూరిన వేడి సాసేజ్, రొట్టె, ఆవముద్ద పెట్టించుకునేవాడు.

"బతికించారు విల్మా గారూ!"

"ఇవాళ ఇంట్లో ఏం తిన్నారు?"

"ఏదో బంకమట్టి."

"ఆ మాటేదో ఆవిడతోనే అనొచ్చుగా?"

"ఎందుకండీ గొడవ? బాగుందంటే నా సొమ్మేం పోయింది?"

అంత పెద్ద బస్సును ఇరుకు సందుల్లో తిప్పిన మనిషికి పెళ్లాం ముందు ఒక్క నిజం చెప్పే దమ్ము లేదు. నాకు ఒళ్లు మండి అతనికి ఎప్పుడూ మాడిన ముక్కే వేసేదాన్ని. అదీ బాగుందనేవాడు.

అతని సొమ్మేం పోలేదు. పోయింది ఎటెల్కా పరువు. పోయినేడు క్రిస్మస్‌కి సెగెద్ నుంచి వాళ్లక్క రొజాలియా వచ్చింది. వాళ్లమ్మ వంట తిని పెరిగినవాళ్లలో ఎటెల్కా కాక మిగిలింది ఆవిడొక్కతే. బెర్తలాన్ మాట నమ్మి ఎటెల్కా ఆ క్యాబేజీ చుట్టలే వడ్డించింది. అక్క ఒక ముద్ద తిని ఫోర్కు కింద పెట్టేసి, "అమ్మ పేరు చెప్పి ఇది పెట్టకు" అందట.

ఈ ఏడు కూడా అక్క వస్తానంది. పండగకి ముందు ఒక ఉదయం కొట్టు కిటకిటలాడుతుంటే, తువ్వాలులో చుట్టిన గిన్నెతో ఎటెల్కా లోపలికి వచ్చింది. గల్లా పక్కన బెర్తలాన్ నోటి నిండా సాసేజ్ పెట్టుకుని మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"తిను బెర్సీ, చల్లారిపోతుంది. నేను నీకోసం రాలేదు" అని మొగుడితో చెప్పి, గిన్నె నా ముందు పెట్టింది. "విల్మా, కాస్త రుచి చూడు."

"నేనా? మతి పోయిందా నీకు?"

"నా వంటంటే నీకు అసహ్యం కదా. అందుకే నీ దగ్గరికి తెచ్చాను."

తిన్నాను. "ఆకు బాగుంది. లోపలిది తడిసిన రంపపు పొట్టు. పొగ వాసన ఏది? అసలు ఉప్పు వేశావా?"

"వెయ్యలేదు" అంది. ఆమె మొహం వెలిగిపోయింది. "నిన్న కావాలనే మానేశాను. ఈయన రెండుసార్లు పెట్టించుకుని, మా అమ్మ గుర్తొచ్చిందన్నాడు."

కొట్టులో ఎవరో కిసుక్కుమన్నారు.

"నువ్వు నొచ్చుకుంటావని..." అని బెర్తలాన్ నసిగాడు.

"ఇక్కడ తింటున్నావని నాకు మొదటి చలికాలమే తెలుసు. మీసానికి ఆవముద్ద అంటించుకుని ఇంటికొస్తే తెలీదా? తిను, నాకేం బాధ లేదు. మా అక్క ముందు నా తల దించింది మాత్రం నీ 'అద్భుతం'."

ఆ తర్వాత ఎటెల్కా రోజూ గిన్నె పట్టుకొచ్చింది. నేను రోజూ తిట్టాను. కారం చేదెక్కిందన్నాను, చారు గంజిలా ఉందన్నాను. ఆమె పుట్టగొడుగులు ఎండబెట్టింది, పొగపెట్టిన ఎండు రేగుపళ్లు సన్నగా తరిగి కలిపింది. పండగ ముందురోజు తిట్టడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మాంసం అమ్ముకునేదాన్ని, ఎంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను.

"మీ అక్కకి పెట్టు, పో" అన్నాను.

పండగ వెళ్లాక మిగిలిన క్యాబేజీ చుట్టలు నాకు తెచ్చింది. అక్క మారు వడ్డించుకుందట. మెచ్చుకోలేదు గానీ, అమ్మ వాడిన మట్టికుండలోనే వండావా, అదెక్కడుంది అని అడిగిందట. ఆ సంగతి చెబుతూ ఎటెల్కా ఏడ్చేసింది.

బెర్తలాన్ ఎప్పటిలాగే గల్లా పక్కన ఉన్నాడు. ఫోర్కు పట్టుకుని గిన్నె వైపు చెయ్యి చాచాడు. ఎటెల్కా మూత పెట్టేసింది.

"నీకెందుకు బెర్సీ? నీకు అన్నీ బాగానే ఉంటాయిగా."

నేను అతని కాగితం మీద మాడిన ముక్క వేశాను. నములుతూ "బాగుంది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.