నాలుగు గుండ్లకు ఒక చావు

ఆ రోజుల్లో నాది మానుకోట కచ్చేరీలో చావులు లెక్కరాసే కొలువు. ఆ రిజిస్టరు ఎంత బరువంటే, ఎత్తబోయినవాడి పేరు అందులోనే రాయాల్సి వచ్చేది. సాయుధ పోరాటం మొదలయ్యాక, చావుల కబురు పంపాల్సిన పటేళ్ళు ఊళ్ళు విడిచి పారిపోయారు. ఏడాదిగా నెల్లికుదురు వైపు నుంచి ఒక్క చావూ కాగితమెక్కలేదు. కచ్చేరీ లెక్కన అక్కడివాళ్ళకు చావే లేదు.

అధికారి నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి వాకిట్లో పోలీసును నిలబెట్టాడు. "మున్షీ, లెక్క తేలేదాక ఇంటి మొఖం సూడవు" అన్నాడు. గదికున్న ఒకే ఒక్క కిటికీలో పిల్లి కూడా పక్కకు తిరిగితే గాని పట్టదు.

అప్పుడొక ఉపాయం తోచింది. మనిషి పోతే పదోనాడు ఇంటి మగవాళ్ళు గుండు చేయించుకుంటారు. ఇంటికి నలుగురనుకుంటే, గుండ్లను నాలుగుతో భాగిస్తే చావులు. ఒక ఊరి పాళ్ళనే జనాభాను బట్టి ఆ ఇలాకా అంతటికీ పెంచుకోవచ్చు. సంతకొచ్చిన నెల్లికుదురు మంగలి మామను పిలిపించాను.

"మామా, ఈ యాడాది ఎన్ని గుండ్లు జేసినవ్?"

"ఎనబైకి తక్వ లేవు పంతులూ."

భాగించాను, పెంచాను, రాశాను. ఆ లెక్కన మూడేళ్ళలో ఇలాకాలో కాకులే మిగులుతాయి.

అధికారి కాగితం రెండుసార్లు చదివాడు. "గింతమంది ఎట్ల సచ్చిన్రు? రేపు ఫౌజును తోలి ఒక్కొక్క గుండును అడిగిస్త" అని తన గదికి పోయాడు.

అంతా విన్న మామ, పోలీసుకు వినబడకుండా నా చెవి దగ్గరికి జరిగాడు. "గవన్ని సావు గుండ్లు గావు. అడివిల ఉన్న మన పోరగాండ్లు, ఫౌజు క్యాంపోళ్ళు గుర్తువట్టకుండ గొరిగించుకున్నయి. ఫౌజు వోతే ఆళ్ళూ వోతరు, నేనూ వోత."

"ముందే చెప్పకపోతివి."

"గుండ్లెన్నని అడిగితివి. పీనుగులెన్నని అడిగినవా?"

నిజం చెబితే వాళ్ళ ప్రాణం పోతుంది, చెప్పకపోతే ఫౌజు కదులుతుంది. పోగొట్టుకోవడానికి మిగిలింది నా పరువొక్కటే. కాగితం పట్టుకుని అధికారి ముందు నిలబడ్డాను. "తప్పు నాదే సారు. అక్కడ ఒక్కరు పోతే ఇంటిపేరోళ్ళు ఇరవైమందీ గుండు జేయించుకుంటరట. నేను నలుగురే అనుకున్న."

"నాలుగని ఎవడు జెప్పిండు?"

"మా ఇంట్ల నలుగురమే సారు."

నా వెంటే వచ్చిన పోలీసు ముందుగా నవ్వాడు, తర్వాత అధికారి. మామ ఊరొక్కదాంట్లోనే ఇరవై చావులు నాలుగయ్యాయి. పదహారుమందిని కలంపోటుతో బతికించాను. ఫౌజు కదల్లేదు.

"గాడిదవైనా లెక్కొచ్చిన గాడిదవు. ఇగ పెద్దవంగర దిక్కు లెక్క గూడ నువ్వే తియ్యి" అన్నాడు అధికారి. మళ్ళీ అదే గది, అదే తలుపు.

తలుపు మూసేలోపు మామ గొంతు తగ్గించి అన్నాడు: "పరేషాన్ గాకు. పెద్దవంగర మంగలి మా యియ్యంకుడే. ఎన్ని గుండ్లు జెప్పాల్నో ముందు నువ్వు జెప్పు."