రెండో భాగంలో మార్చిన స్వరం

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్లి టీ పెట్టుకునే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇప్పటికీ నమ్మను. అందుకే దీన్ని ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను మొయినాబాద్ దగ్గర ఒక స్కూల్లో గిటార్ నేర్పిస్తాను. నాకు నేర్పినవాడు శ్రీధరన్న. చేవెళ్లలో వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. పొద్దంతా గిన్నెలు, బిందెలు అమ్మేవాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే దుకాణం పైనున్న గదిలోకి వెళ్లి గిటార్ పట్టుకునేవాడు. పాశ్చాత్య సంగీతం పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన ఏం చేస్తున్నాడో బంధువుల్లో చాలామందికి చివరిదాకా అర్థం కాలేదు.

ఆఖరి సంవత్సరాలు ఆయన ఒకే పని మీద ఉన్నాడు. గిటార్‌కు, చిన్న ఆర్కెస్ట్రాకు కలిపి ఒక కన్సర్టో రాశాడు. గిటార్ ముందుండి మాట్లాడుతుంటే వయొలిన్లు, పెద్ద వయొలిన్‌లాంటి చెల్లోలు, ఫ్లూటు, క్లారినెట్ బదులిస్తాయి, ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి. సినిమా పాటలా హాయిగా సాగదు. మధ్యలో గిటార్ చెక్క మీద వేళ్లతో కొట్టాలి. వయొలిన్లు గీరినట్టు పలకాలి. మొదటిసారి ఆయన గిటార్ మీద వినిపించినప్పుడు నాకే నచ్చలేదు. రెండో భాగం మాత్రం వేరు. అది చాలా నెమ్మదిగా, దాదాపు నిశ్శబ్దంగా నడుస్తుంది.

రాయడం పూర్తయిన కొన్ని నెలలకే ఆయన గుండెపోటుతో పోయాడు. ఆర్కెస్ట్రాతో ఒక్కసారి కూడా వినలేదు.

ఆయన భార్య అనసూయ వదిన దినాలు అయిపోయాక ఆయన గిటార్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే వాయించాలె కవితా. ఆయన ఎట్ల రాసిండో అట్లనే జనం వినాలె" అన్నది.

సరే అన్నాను. హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రా నడిపే ఫిలిప్ సార్ కాగితాలు చూసి ఒప్పుకున్నారు. వాయించేవాళ్లను ఆయనే పోగు చేశారు. మొయినాబాద్‌లో తెలిసినవాళ్ల ఫామ్‌హౌస్ హాలు దొరికింది. ఆదివారాలు రిహార్సల్ పెట్టుకున్నాం.

ఇబ్బంది రెండో భాగంలోనే వచ్చింది. ఒకచోట అందరూ ఆగిపోతారు. ఒక్క చెల్లో మాత్రం సన్నగా పలుకుతుంటే గిటార్ మెట్టుమెట్టుగా పైకి వెళ్లి, చివరి స్వరం చాలా ఎత్తులో అందుకోవాలి. పెద్ద బిందెను అంచు పట్టి ఒంటిచేత్తో ఎత్తే చేయి శ్రీధరన్నది. ఆ వేళ్ల కొలతకే రాసుకున్నాడు. నా వేళ్లు అంత దూరం సాగవు. ఎంత సాధన చేసినా స్వరం పగిలేది. రాత్రిళ్లు మణికట్టుకు మందు రాసుకుని పడుకునేదాన్ని.

కచేరీ దగ్గరపడింది. ఆ ఆదివారం మధ్యాహ్నం అదే చోట మళ్లీ తప్పాను. ఫిలిప్ సార్ చేయెత్తి ఆపారు.

"ఆ పై స్వరం వదిలేయమ్మా. అక్కడి నుంచి కిందికి దిగు."

వదిన మాట గుర్తొచ్చి ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అయినా దిగాను. ఆ మార్పుతో రెండో భాగం మొదటినుంచి ఒక్కసారి వాయించాం. ఎక్కడా పగల్లేదు.  తర్వాత భోజనానికి లేచాం.

రిహార్సల్‌లో ఫోన్లు పక్క గదిలో పెట్టించడం ఫిలిప్ సార్ అలవాటు. ఎవరూ రికార్డు చేయలేదు.

వదినకు ఈ సంగతి కచేరీలో తెలియడం బాగుండదనిపించింది. తినగానే గిటార్ కారులో పెట్టుకుని నేరుగా చేవెళ్ల వెళ్లాను. ఆమె దుకాణంలో ఒక్కతే కూర్చుని ఉంది. ఎప్పుడు బయల్దేరావు, తిన్నావా అని కూడా అడగలేదు.

"అక్కడ పైకి పోతది గదా. కిందికెందుకు దిగినవ్?" అన్నది.

అని, ఆ ముక్క కూనిరాగం తీసింది. సరిగ్గా మేం మార్చినట్టే, ఆ స్వరంతోనే.

ఎవరు ఫోన్ చేశారని అడిగాను.

"ఎవ్వరు చెయ్యలె. నేనే ఇన్న. మధ్యాన్నం పైన గిటార్ మోగుతుంటె, నువ్వే ఎనక మెట్లెక్కి పోయినవనుకున్న. పోయి చూస్తె గదికి తాళం ఏసే ఉన్నది. మెట్ల మీదనే కూసుని ఇన్న."

"భయం కాలేదా వదినా?"

"భయమెందుకు? రోజు ఇన్నదే గదా."

 తాళం తీయించి పైకి వెళ్లి చూశాను. ఒక కుర్చీ, పుస్తకాల అల్మారా, కిటికీ మీద దుమ్ము. రేడియో లేదు, టీవీ లేదు, ఏ గిటారూ లేదు. ఆయనకున్నది ఒక్కటే గిటార్. వదిన విన్న సమయానికి అది మొయినాబాద్‌లో నా ఒళ్లో ఉంది.

మేం కిందికి దిగుతుంటే పక్క దుకాణంలో బట్టలు కుట్టే లక్ష్మి తనంతట తానే పలకరించింది.

"ఏందక్కా, ఇయ్యాల మీ పైగదిల ఒకటే ముక్క మళ్ల మళ్ల వాయించిన్రు? గంత సేపా?"

"మళ్లీ మళ్లీ" అన్న మాట నాకు అంతుపట్టలేదు. మేం ఆ మార్పుతో వాయించింది ఒక్కసారే. వదినను అడిగాను.

"అవు. మొదలు పైకే పోయింది. ఆగింది. మళ్ల కిందికి దిగింది. మళ్ల పైకి. గట్ల చాన సేపు. రెండూ చూసుకుంటున్నట్ల. ఆఖరికి కిందికే దిగి ముందటికి పోయింది."

అంటే ఆమె విన్నది మా వాయింపు కాదు.

 చివరికి అడగాల్సింది అడిగాను. "మరి కచేరీల ఎట్ల వాయించాలె వదినా?"

ఆమె ఆలోచించలేదు. "ఆఖరికి ఎట్ల పోయిందో గట్లనే."

అలాగే వాయించాను. వదిన ముందు వరుసలో కూర్చుంది. ఆ చోటు వచ్చినప్పుడు నేను తలెత్తలేదు, ఆమె ముఖం చూసే ధైర్యం లేక. అయిపోయాక ఆమె వచ్చి నా ఎడమచేయి రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే ఒత్తింది. 

ఆ తర్వాత పైగదిలో ఎప్పుడూ ఏమీ వినిపించలేదట.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. రిహార్సల్‌లో ఉన్న ప్రతి ఒక్కరినీ అడిగాను. వదినతో మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. చాలామందికి ఆమె నంబరే తెలియదు. నా చేతి ఇబ్బంది తెలిసి ఆమె ఊహించిందనుకుందామా? ఆ స్వరం మారుస్తామని ఆ మధ్యాహ్నం దాకా నాకే తెలియదు. పోనీ దుఃఖంలో ఉన్న మనిషికి ఏదో వినిపించిందనుకుంటే, మిషన్ ముందు కూర్చున్న లక్ష్మికి ఏ దుఃఖం ఉందని?

చాలా రోజుల తర్వాత ఇదంతా ఫిలిప్ సార్‌కు చెప్పాను. కొట్టిపారేస్తారనుకున్నాను. ఆయన చివరిదాకా విన్నారు.

"అయితే ఆ మార్పు ఆయనకు కూడా వెంటనే నచ్చలేదన్నమాట" అన్నారు.

అంతకన్నా మంచి వివరణ నా దగ్గర ఈనాటికీ లేదు.