మాణిక్యాంబ కోడలితో చెప్పిన సంగతి

మండపేట బజారులో కిరాణా కొట్టున్న వేంకటరమణ గారి భార్య మాణిక్యాంబ అవసరానికి మించి మాట్లాడే మనిషి కాదు. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఆవిడ కోడలు కన్యకాపరమేశ్వరి ఆడపిల్లని కంది. కోడలికి తల్లి లేకపోవడంతో పురుడు అత్తవారింట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా జరిగింది. మూడో రోజుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, వణుకు, పొత్తికడుపులో నొప్పి. మాయ ముక్క లోపల ఉండిపోయి చీము పట్టిందన్నారు డాక్టరు. ఆసుపత్రిలో శుభ్రం చేసి, పది రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రాణం దక్కింది.

ఇంటికొచ్చాక మాత్రం ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వనిచ్చేది కాదు. పిల్ల ఏడిస్తే చెవులు మూసుకునేది.

"జ్వరం తగ్గిపోయింది కదమ్మా, ఇంకా ఏంటి దీని బాధ?" అని కొడుకు చలపతి విసుక్కున్నాడు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు ఇరుగుపొరుగు.

ఒక మధ్యాహ్నం పాలసీసాతో గదిలోకి వెళ్ళిన మాణిక్యాంబతో కోడలు తల తిప్పకుండానే అంది. "అత్తయ్య గారూ, దీన్ని మీరే పెంచేయండి. నేనుండి ఎవరికీ ఉపయోగం లేదండి."

మాణిక్యాంబ మంచం పక్కన నేల మీద కూలబడింది. పాలసీసా పక్కన పెట్టింది.

"చలపతి పుట్టిన నెలకి నేను నూతి గట్టెక్కి నిలబడ్డానమ్మా. వాణ్ణి చూస్తే నాకేమీ అనిపించేది కాదు. మా అత్తగారు నీళ్ళకొచ్చి చెయ్యి పట్టుకుని లాగింది. ఆవిడ ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. రెండేళ్ళు అలాగే బతికాను. మీ మావయ్య గారికి కూడా తెలీదు. ఇది నీ తప్పు కాదు, జబ్బు."

కన్యకాపరమేశ్వరి ఇటు తిరిగింది. "మీకా?" అంది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ కోడల్నీ, పిల్లనీ తీసుకుని కాకినాడ బయల్దేరింది.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? నలుగురూ ఏమనుకుంటారు?" అని వేంకటరమణ గారు అడ్డుపడ్డారు.

"అనుకోనివ్వండి" అని బస్సెక్కింది.

డాక్టరు మాత్రలు రాసి, ఒంటరిగా వదలొద్దని చెప్పారు. ఆరో వారంలో కన్యకాపరమేశ్వరి తనంతట తాను పిల్లకి నీళ్ళు పోసింది. తర్వాత మళ్ళీ పది రోజులు మంచం దిగలేదు. పూర్తిగా తేరుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాది చాలామటుకు ఆమెకి గుర్తు లేదు. పిల్ల మొదటిసారి ఎప్పుడు నవ్విందో, ఎప్పుడు బోర్లా పడిందో అత్తగారిని అడిగేది. మాణిక్యాంబ చేస్తున్న పని ఆపి, అన్నీ వరసగా చెప్పేది.