సాయంత్రం ఆరింటికి ఆపే స్విచ్చు

యానాం నుంచి వచ్చి మూలకుళంలో ఒక చిన్న ఆఫీసులో చేరిన కొత్తల్లో నాకు తెలివెక్కువ, ఓపిక తక్కువ. ల్యాబుల్లో పొద్దున్నే రక్తపరీక్షకు వచ్చేవాళ్లకు టోకెన్లిచ్చే ప్రోగ్రాం నేను రాసిందే. అది నడిచే కంప్యూటరు మా ఆఫీసులోనే ఒక మూల ఉండేది.

ఆఫీసు ఊడ్చే అక్క దగ్గర్లోని కోసపాళయం నుంచి వచ్చేది. సాయంత్రం ఆరింటికి లైట్లు, ఫ్యాన్లతో పాటు ఆ కంప్యూటర్నీ ఆపేసి, పొద్దున రాగానే మళ్లీ వేసేది. ఒకరోజు చూసి కసిరాను.

"ఎందుకక్కా దాన్ని ముట్టుకోవడం? రాత్రిపూట దానికి వేరే పనుంటుంది. చెయ్యి పెట్టకండి."

"ఊరికే కరెంటు పోతా ఉండాదే అని ఆపతా ఉంటి సార్. ఇంక ముట్టనులే," అంది.

ముట్టలేదు. తొమ్మిదో రోజు పొద్దున టోకెన్లు ఆగిపోయాయి. పరగడుపున వచ్చిన ముసలివాళ్లు ల్యాబుల ముందు నిలబడిపోయారు. ఏమైందని ఓనరు అడిగాడు. నాకు తెలియదు, కానీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఆవిడ ఇన్నాళ్లూ స్విచ్చు ఆపేస్తూ వచ్చింది కదా, డిస్కు దెబ్బతిని ఉంటుంది" అన్నాను. మర్నాటి నుంచి ఆవిణ్ణి రావద్దన్నారు. చీపురు మూల నిలబెట్టి, నావైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

డిస్కు నిక్షేపంలా ఉంది. తప్పు నాది. ల్యాబు నుంచి ఎవరైనా అడిగినప్పుడల్లా ప్రోగ్రాంలో కూలిమనిషిలా ఒక థ్రెడ్ పుట్టి, ఆ పని చేసి పోతుంది. కంప్యూటర్లో మెమరీ పంచిపెట్టే కెర్నెల్‌ని మాటిమాటికీ అడిగితే ఆలస్యమని, ఒకసారి తెచ్చుకున్న ముక్కల్ని థ్రెడ్ తన దగ్గరే దాచుకునేలా రాశాను. పోయేటప్పుడు వాటిని తిరిగి ఇచ్చేలా మాత్రం రాయలేదు. సత్రం గది ఖాళీ చేసినవాడు తాళంచెవి జేబులో వేసుకుపోయినట్టు. అలా పోగా పోగా, ఇవ్వడానికి కెర్నెల్ దగ్గర ఏమీ మిగల్లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే అన్నీ వెనక్కి చేరతాయి. ఇన్నాళ్లూ నా తప్పును రోజూ కడిగింది ఆవిడే.

నాలుగు లైన్లతో సరిచేశాను. ఓనరు భుజం తట్టాడు. అసలు సంగతి అప్పుడే చెప్పాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఐదు నెలలు గడిపాను. సిగ్గని సర్దిచెప్పుకున్నాను గానీ, అది పిరికితనం. చివరికి ఓనరుకి చెబితే, వేరే మనిషి వచ్చేసింది, ఇప్పుడెందుకులే అన్నాడు.

కోసపాళయంలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అక్క నన్ను కూర్చోమని, ఫ్యాను వేయమని లోపలున్న కూతుర్ని కేకేసింది. స్విచ్చు ఆవిడ పక్కనే ఉంది.

తప్పు నాదని, అంతకాలం ఆ కంప్యూటరును కాపాడింది ఆవిడేనని చెప్పాను. క్షమించమని అడిగాను.

"నా చెయ్యే మంచిది కాదనుకొంటి సార్. ఆ దినం నుంచి ఇంట్లో లైటు గూడా నేను ముట్టేది లేదు," అంది.

ఇక ఆ భయం అక్కర్లేదక్కా అన్నాను. తల ఊపింది. నేను లేచాక, ఫ్యాను ఆపడానికి మళ్లీ కూతుర్నే పిలిచింది.