పెద్దమ్మ చెప్పిన సాక్ష్యం

మా పెద్దమ్మ పోయింది. పోయిన వారం ముసునూరులో, తన ఇంట్లోనే, ఉదయం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టిన కాసేపటికి గుండె ఆగింది. పలకరింపుకు వచ్చినవాళ్ళంతా "ఏం జరిగిందమ్మా?" అని అడిగారు. "గుండెపోటండీ, పెద్ద వయసు కదా" అని చెప్పాను. ఎంత మామూలు జవాబు! కానీ అది చెప్పిన ప్రతిసారీ ఏడుపుతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది నాకు. కొన్నేళ్ళ కిందట ఈ మామూలు జవాబు మాకు దక్కకుండా పోవలసింది. ఆ సంగతి మీకు చెప్పడం ఆమెకు ఇష్టమే. "నేను పోయాక మంచిదని నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకు. అది కూడా చెప్పు" అని నాతో చాలాసార్లు అంది.

ఆమె మా అమ్మకు అక్క. ఊళ్ళో ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. చర్చిలో సండే స్కూలు కూడా ఆమె చేతిలోనే ఉండేది. నేత చీర కట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని నడిచొస్తుంటే, అరుగుల మీది మగవాళ్ళు కాళ్ళు సర్దుకుని కూర్చునేవారు. వాళ్ళలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే. ఎవరైనా కష్టం చెప్పుకోబోతే "ముందు కూర్చో. టీ తాగి చెప్పు" అనేది. తన కష్టం మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు.

పెదనాన్న పోయాక వాళ్ళ మామిడితోట గుత్తకిచ్చేసింది. పైకి ఏ తేడా కనిపించలేదు. చర్చికి వచ్చేది, పిల్లలకు కథలు చెప్పేది, నవ్వేది. ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం నూజివీడులో మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి తన పట్టుచీరలన్నీ తీసి మంచం మీద పెట్టింది. పెదనాన్న చేతి గడియారం తీసి మా ఆయనకిమ్మంది.

"ఇవన్నీ నాకెందుకే ఇక" అంది.

అన్న తీరు చాలా తేలిగ్గా ఉంది. ఆ తేలికదనమే నన్ను భయపెట్టింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి అడిగేశాను.

"పెద్దమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

కోప్పడుతుందనుకున్నాను. గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ "అనిపిస్తోందే. రోజూ. పొద్దున్న లేవగానే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళకి ఒకళ్ళు అడిగారు" అని మంచం మీద చీరల పక్కనే కూలబడింది.

ఆ రోజు ఆమెను ఊరికి పంపలేదు. పక్కనే ఉన్నాను. మర్నాడు నూజివీడులోనే ఒక సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్ళాను. మందుల షాపు మీద రెండు చిన్న గదులు. ఆవిడ నాకంటే చిన్నది. చదువు పేరేదైనా అందరికీ డాక్టరమ్మే. పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు, నేనూ లోపలే కూర్చున్నాను.

"ఇలా అనుకోవడం పాపమని తెలుసండీ" అంది పెద్దమ్మ, తల వంచుకుని. "పిల్లలకు దేవుని వాక్యం చెప్పేదాన్ని, నేనే ఇలా..."

"పాపం సంగతి తర్వాత చూద్దామమ్మా. ఎంత బాధ మోస్తే ఇక్కడిదాకా వచ్చారో, అది చెప్పండి నాకు."

పెదనాన్న పోయిన రోజున కూడా అందరినీ ఓదార్చిన మనిషి, అప్పుడు ఏడ్చింది. నేను ఊరుకోబెట్టబోతే డాక్టరమ్మ కళ్ళతోనే వద్దంది. మంచినీళ్ళ గ్లాసు దగ్గరకు జరిపి కూర్చుంది. ఏడుపు తగ్గాక నెమ్మదిగా అడిగింది.

"మీకు చచ్చిపోవాలనుందా, ఈ బాధ ఆగిపోవాలనుందా?"

పెద్దమ్మ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. "బాధ ఆగాలండీ."

"అయితే ఆ పని మనిద్దరం కలిసి చేద్దాం."

మెట్లు దిగుతూ పెద్దమ్మ అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. "ఆ పిల్ల నాకు నీతులు చెప్పలేదే. భయపడనూ లేదు."

డాక్టరమ్మ సలహా మీదే విజయవాడలో మానసిక వైద్యుణ్ణి కూడా చూపించాం, ఆయన మాత్రలిచ్చారు. కొన్నాళ్ళు ఆమె మా ఇంట్లోనే ఉంది. ప్రమాదమైనవేవీ ఆమె చేతికి అందకూడదని, తోటలో షెడ్డు తాళంచెవి మా ఆయన దగ్గర ఉంచమంది డాక్టరమ్మ. పెద్దమ్మ వెంటనే ఇచ్చేసింది. ఆ ఆలోచన వస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యాలని, నేను దొరక్కపోతే డాక్టరమ్మకు చెయ్యాలని ఒప్పుకుంది. ఊరికి తిరిగి వెళ్ళాక ప్రతి గురువారం బస్సెక్కి వచ్చేది.

ఆమెను లోలోపల తినేస్తున్నదేమిటో ఒక గురువారం బయటికొచ్చింది. పెదనాన్న పోయిన రోజు పొద్దున ఛాతీలో పట్టేసినట్టుందన్నాడట. "గ్యాసయి ఉంటుంది, కాస్త వాము నమలండి" అని చెప్పి ఈమె చర్చికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఈ మాట మా అమ్మకు కూడా చెప్పలేదు.

"డాక్టరమ్మ మీ తప్పేం లేదులే అంటుందనుకున్నానే" అంది నాతో. "అలా అనలేదు. మీరు చదువు చెప్పిన పిల్ల ఒకతె పెద్దదై, మీ దగ్గరకొచ్చి ఇదే మాట చెప్పుకుంటే ఏం చేస్తారండీ అంది. ఏం చేస్తాను, దగ్గరకు తీసుకుంటాను అన్నా. మరి మిమ్మల్ని మీరు ఎప్పుడు దగ్గరకు తీసుకుంటారండీ అని అడిగింది."

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా నెలలు పట్టింది. బాగుపడడం ఒక్క తీరున సాగలేదు. వానాకాలంలో మళ్ళీ మంచం దిగడం మానేసింది. ఒక పొద్దున ఫోన్ చేసి "మళ్ళీ వచ్చిందే ఆలోచన" అంది. నేనూ మా ఆయనా ఆటో కట్టించుకుని వెళ్ళిపోయాం. అప్పటిదాకా బాగు చేసుకున్నదంతా పోయిందని ఆమె ఒకటే బాధ. డాక్టరమ్మ ఫోన్‌లో అన్న మాట స్పీకరులో నేనూ విన్నాను. "పోలేదమ్మా. వచ్చిందని చెప్పారు చూడండి, ఇన్నాళ్ళూ మనం చేసుకున్నది అదే."

ప్రతి వారం నూజివీడు ఎందుకని ఊళ్ళో అడిగేవాళ్ళకు మొదట్లో "పళ్ళ డాక్టరు దగ్గరకు" అని చెప్పేది. చివరికి పక్కింటావిడ ఉండబట్టలేక, "అసలెన్ని పళ్ళున్నాయండీ మీకు?" అని అడిగేసిందట. ఆ రోజు పెద్దమ్మ నాకు ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను.

తర్వాతి ఆదివారం నేనూ ముసునూరు వెళ్ళాను. చర్చిలో సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. జబ్బు నయమైందనో, పిల్లలకు ఉద్యోగం వచ్చిందనో జనం చెప్పుకునే వేళ అది.

"నేను పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళట్లేదు" అంది.

కొందరు నవ్వారు. ఆమె ఆగి, నవ్వులన్నీ అయిపోయాక, పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది. "నాకు చచ్చిపోవాలనిపించేది. ప్రార్థన చేసినా అనిపించేది. విశ్వాసం లేక కాదు, జబ్బు చేసి. నేను చెప్పుకుంటుంటే తప్పు పట్టకుండా వినే మనిషి దగ్గరకు దేవుడు నన్ను పంపించాడు. వారం వారం వెళ్తున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను. బతికున్నాను. మీలో ఎవరికైనా అలా ఉంటే నాతో చెప్పండి. నేను మీకు నీతులు చెప్పను."

ఆమె కూర్చుంది. తర్వాత పాస్టరుగారు మైకు దగ్గరకొచ్చి, "టీచరుగారూ, వచ్చే గురువారం నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మగారిని మన సంఘానికి పిలుద్దాం" అన్నారు. పక్కన కూర్చున్న నాకు గర్వంతో తల ఎంత ఎత్తుకు లేచిందో తెలియలేదు.

ఆ సాయంత్రమే, పెద్దమ్మ తోట గుత్తకు తీసుకున్న మామిడి వ్యాపారి స్కూటర్ మీద వచ్చాడు. ఆయన మా చర్చి మనిషి కాదు. మాట అంత త్వరగా పాకింది. మండీలో అరిస్తే లారీ డ్రైవర్లు కూడా జడిసే మనిషి, వాకిట్లో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"టీచరుగారూ, ఆ డాక్టరమ్మ మగాళ్ళని కూడా చూస్తుందాండీ?"

"చూస్తుంది. ముందు కూర్చో."

"నాక్కాదండీ. నాకు తెలిసినాయన ఒకడున్నాడు."

"సరే. ఆ తెలిసినాయన్ని గురువారం బస్టాపుకు రమ్మను. ఈలోగా ఒంటరిగా ఉండొద్దని చెప్పు. మనసు బాగోకపోతే ఏ వేళప్పుడైనా నాకు ఫోన్ చెయ్యమను."

గురువారం బస్టాపులో ఆయనే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఇంకెంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు, ఆమె పేర్లు చెప్పేది కాదు. చిక్కుళ్ళు వలుస్తూనో, చాట చెరుగుతూనో, అన్నం తిన్నావా అని అడిగినట్టే "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని అడిగేది. అలా అడగడమేమిటని ఒకసారి మా అమ్మ కంగారుపడింది. "అడిగినందువల్ల ఎవరికీ కొత్తగా ఆ ఆలోచన రాదే. నన్ను అడిగారు కాబట్టే నేనున్నాను" అంది పెద్దమ్మ.

సమాధుల తోటకు తీసుకెళ్ళేటప్పుడు ఆ వ్యాపారి పెట్టెకు భుజం పట్టాడు. డాక్టరమ్మ నూజివీడు నుంచి వచ్చి, జనంలో వెనకాల నిలబడింది. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

నాకు పదే పదే గుర్తొచ్చేది మాత్రం ఈ మే నెలలోని ఒక మధ్యాహ్నం. షుగరుందని పెద్దమ్మకు మామిడిపండు రోజుకొక్కటేనని మేం నియమం పెట్టాం. పెరటి మెట్టు మీద కూర్చుని చిన్నరసం పండును రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపింది. ముచిక కొరికి ఉమ్మేసి, కళ్ళు మూసుకుని, టెంక తెల్లబడేదాకా జుర్రుకుంది. రసం గాజుల మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. కళ్ళు తెరిచి, బుట్ట వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి చెయ్యి చాపింది.

"ఇంకోటి ఇవ్వవే."