మునెమ్మకు మాత్రలు ఇచ్చిన చెయ్యి

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమంటే ఇప్పుడే పెడతాను. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. కల్పించే ఓపిక కూడా నాకు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. చిత్తూరులో ఒక చిన్న ఆస్పత్రిలో, ఆడవాళ్ల వార్డుకు నేను ఆయాను. పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం, మందు తాగించడం... అన్నీ నేనే. నాతో పని చేసే ఆమె జ్వరంతో పడిపోయింది. ఆమె రాత్రులు కూడా నా నెత్తినే పడ్డాయి. అది వరసగా మూడో రాత్రి. కాళ్లు వాచిపోయి, నిలబడితే నేల తెలియడం లేదు.

వార్డులో నలుగురే ఉన్నారు. చివరి మంచం మీద మునెమ్మ. నగరి నుంచి వచ్చిన నేతగాళ్ల పిల్ల. ఇరవై ఏళ్లుండవు. కాన్పయిన నాలుగో రోజు జ్వరం పట్టుకుంది. పసిగుడ్డును అత్త దగ్గర వదిలి, ఆమెను బండిలో తెచ్చారు.

"ఆయమ్మా, నా బిడ్డకి పాలు ఎవురు పడతా ఉండారో..."

ఒళ్లు కాలిపోతున్నా అదే మాట.

డాక్టరు గారు చీటీ రాసిపెట్టి, మందుల కోసం మద్రాసు వెళ్లారు. మునెమ్మకు నాలుగు గంటలకొకసారి రెండు సల్ఫా మాత్రలు. అలాంటి జ్వరాలకు అప్పట్లో అదే మందు. ఆస్పత్రిలో మిగిలినవి ఎనిమిదే. బయట ఎక్కడా దొరకడం లేదు.

సాయంత్రం కాంపౌండరు నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ మాత్రలు ముట్టుకోవద్దు. మోతుబరాయన తమ్ముడికి ఊపిరితిత్తుల జ్వరమంట. పొద్దున్నే తెస్తా ఉండారు."

"మరి మునెమ్మకో అయ్యా?"

"రంగునీళ్లు పొయ్యి. మాత్రలు ఇచ్చినట్టు చీటీలో గీత పెట్టు. నీకెందుకు ఇవన్నీ?"

ఎదురు చెప్పలేదు. మొగుడు పోయినదాన్ని. ఆ పని పోతే ఇద్దరు పిల్లలకు కూడు లేదు. రాత్రి ఎనిమిదికి రంగునీళ్లు పోశాను. గీత పెట్టాను. మునెమ్మ గడగడా తాగేసి, "ఇంక తగ్గిపోతాది గదా?" అని అడిగింది. తల ఊపాను. తిట్టినవీ తిట్టించుకున్నవీ ఎన్నో మరిచిపోయాను గానీ, ఆ తల ఊపడం మాత్రం మరిచిపోలేదు.

అందరూ పడుకున్నారు. తలుపు గడియ నేనే వేశాను. మందుల బీరువా తాళంచెవి నా నడుముకే ఉంది. లాంతరు వత్తి తగ్గించి స్టూలు మీద కూర్చున్నాను. పన్నెండుకు మళ్లీ రంగునీళ్లు పొయ్యాలి... నిద్ర కాదు. మెలకువా కాదు.

టిక్... టిక్... టిక్...

గ్లాసులో చెంచా. మాత్ర నలిపి నీళ్లలో కలిపేటప్పుడు వచ్చే చప్పుడు. రోజూ నేను చేసే చప్పుడే.

కళ్లు తెరిచాను.

చివరి మంచం మీద ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు నా వైపు. తెల్ల చీర. ఎడమ చేత్తో మునెమ్మ తల ఎత్తి పట్టుకుని... కుడి చేత్తో గ్లాసు... ఏ తొందరా లేదు. ఒక్కో గుటకా నాకు వినబడుతోంది. ఒక గుటక... ఆగింది. మళ్లీ ఇంకో గుటక...

పగలు ఉండే నర్సమ్మ వచ్చిందేమో అనుకున్నాను. లేవబోయాను. కాళ్లు రాలేదు. భయం కన్నా ముందు నాకేమనిపించిందో తెలుసా? అమ్మయ్య, ఎవరో ఒకరు వచ్చారు, ఇంక నేను లేవక్కర్లేదు... అనిపించింది. అంత అలసట.

ఆమె మునెమ్మ తల మెల్లగా దించింది. కొంగుతో పెదాలు తుడిచింది. లేచింది... మంచానికి అవతల గోడే. ఆ గోడ వైపు రెండడుగులు వేసింది.

అంతే. లాంతరు రెపరెపలాడలేదు. గాలి రాలేదు. మనిషి మాత్రం లేదు.

ఎంతసేపటికి లేచానో తెలియదు. గ్లాసు తడిగా ఉంది. అడుగున తెల్లటి పొడి.

"మునెమ్మా... ఎవురే వచ్చింది?"

"ఎవురేంది ఆయమ్మా, నువ్వే గదా. ఇప్పుడే మందు ఇస్తివి."

"నేనా?"

"నువ్వే. సెయ్యి మాత్రం సల్లంగా, బాయినీళ్ల మాదిరి ఉండాది. నువ్వూ జబ్బు పడతా ఉండావా?"

తలుపు గడియ వేసినట్టే ఉంది. బీరువాకు తాళం పడే ఉంది. తీసి చూశాను. ఆరు మాత్రలే ఉన్నాయి.

నాలుగు గంటల దాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. నాలుగు కొట్టగానే రంగునీళ్ల సీసా కాలువలో పారబోశాను. రెండు మాత్రలు తీసి, నా చేత్తోనే నలిపి, నా చేత్తోనే తాగించాను.

తెల్లవారాక కాంపౌండరు బీరువా తెరిచాడు.

"నాలుగు యాడికి పోయినాయి?"

"నేనే ఇచ్చినాను. డాక్టరు గారు రాసినట్టే."

"నాలుగూ నువ్వే ఇచ్చినావా?"

మునెమ్మ మంచం వైపు చూశాను.

"నాలుగూ నేనే."

చీటీలో డాక్టరు రాత ఉంది కాబట్టి అతను నన్ను పనిలోంచి తీసెయ్యలేకపోయాడు. కానీ ఆ పూటే నన్ను వాంతిభేది షెడ్డుకు మార్చాడు. మూట కట్టుకుని వెళ్లాను.

మిగిలిన నాలుగూ మోతుబరి తమ్ముడికి వేశారు. మర్నాడు డాక్టరు గారు మందులతో వచ్చేసరికి అతను పోయాడు. అతని పెళ్లాం ఏడుపు షెడ్డు దాకా వినబడింది. ఆమె కూడా చిన్నదే. మునెమ్మ బతికింది. మూడు వారాలకు తన కాళ్ల మీద నడిచి ఊరికి పోయింది.

"ఆ నాలుగు మాత్రలూ ఉంటే అతను బతికేవాడా అయ్యా?" అని ఒకసారి డాక్టరు గారిని అడిగాను. "చెప్పలేం సుగుణమ్మా" అన్నారు. మొదటి రెండు ఎవరిచ్చారో మాత్రం ఆయనకు చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి...

నిద్రలో నేనే లేచి ఇచ్చి ఉంటానని మా చెల్లెలు అంటుంది. అయి ఉండొచ్చు. కాదనను.

మరి స్టూలు మీద కూర్చుని చూసింది ఎవరు?